మన నీళ్లు, మన చరిత్ర – 6: కపిల తోలు నుంచి కొళాయి వాషరు దాకా



పోయిన భాగం చదివి డిగ్రీ చదివే తమ్ముడు ఒకడు మెసేజ్ పెట్టినాడు. "అన్నా, బావుల గురించి, చెరువుల గురించి బాగా రాసినారు. ఇప్పుడు ఇంటింటికీ కొళాయి వచ్చింది కదా, ఇంకా నీళ్ల గురించి మాట్లాడేదేముంది?" అని. మంచి ప్రశ్న. ఈ భాగమంతా ఆ తమ్మునికి జవాబే.

నా జవాబు ముందే చెప్తాను. నీళ్లు ముట్టుకునే హక్కు కోసం జరిగిన పోరాటాల చరిత్ర మనకు కొంత తెలుసు. నీళ్లు తెచ్చే పనిముట్టును బాగు చేసింది ఎవరు, దాని ఖర్చు ఎవరికి దక్కింది, ఎవరి వాడ పైపు పాడైతే ఎన్ని రోజులకు మనిషి వచ్చినాడు అన్న చరిత్ర మాత్రం ఎవరూ రాయలేదు. కులం ఇప్పుడు బావి గట్టు మీద కంటే ఆ మరమ్మతులోనే ఎక్కువగా దాక్కుని ఉంది.

నీళ్ల కూడలి పక్కన

మన నంద్యాల జిల్లా పాములపాడు మండలంలో బానకచర్ల అనే ఊరుంది. పేపర్లు చదివేవాళ్లందరికీ ఇప్పుడు ఆ పేరు తెలుసు. శ్రీశైలం వెనక నీళ్లు పోతిరెడ్డిపాడు దగ్గర తూముల్లోకి దిగి, పదహారు కిలోమీటర్ల పైచిలుకు కాలువలో నడిచి బానకచర్లకు వస్తాయి. అక్కడ మూడు దారులు. ఒకటి తెలుగుగంగ, వెలుగోడు జలాశయానికి. ఒకటి శ్రీశైలం కుడి కాలువ. ఇంకొకటి నిప్పులవాగులోకి దిగి కేసీ కాలువ ఆయకట్టుకు. పోతిరెడ్డిపాడు సామర్థ్యం మొదట 11,150 క్యూసెక్కులు. 2005లో ప్రభుత్వం దాన్ని 44,000కు పెంచాలని తీర్మానించింది. రెండు రాష్ట్రాలు దీని మీద ఇప్పటికీ కొట్లాడుకుంటున్నాయి.

ఈ నీళ్లు ఎంత దూరం పోతాయో చూడండి. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు మద్రాసు దాహానికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో తెలుగుగంగ ఒప్పందం అయింది. 1996లో కృష్ణా నీళ్లు తమిళనాడు పూండి జలాశయాన్ని ముట్టినాయి. అంటే పాములపాడు మండలంలో మలుపు తిరిగిన నీళ్లు వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు దాటి మద్రాసు కొళాయిలో పడతాయి. వందల కిలోమీటర్లు. సంతోషమే. దాహానికి రాష్ట్రం లేదు, కులం లేదు.

నేను పుట్టిన ఊరు ఆ కూడలికి మరీ దూరం కాదు. పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క ఊరి కథ కాదు. ఊరి ట్యాంకు నుంచి మా వాడ చివరి కొళాయికి దూరం అరకిలోమీటరు కూడా ఉండదు. మద్రాసు దాకా పోయే నీళ్లకు ఆ అరకిలోమీటరు దాటడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? దాటిన తరవాత కూడా వానాకాలంలో ఆ నీళ్లు తాగాలంటే మా అమ్మ ఎందుకు భయపడేది? ఇంజనీరింగు పుస్తకంలో దీనికి జవాబు లేదు. చరిత్రలో ఉంది.

తోలు మనది, నీళ్లు వాళ్లవి

మా అబ్బ కపిల తోలు కుట్టేవాడు. ఈ తరం పిల్లలు కపిల చూసి ఉండరు, కాబట్టి చెప్తాను. కోస్తాలో, తెలంగాణలో మోట అంటారు. బావిలోకి పెద్ద తోలు సంచి దిగుతుంది. దాని కింద ఏనుగు తొండం లాగా తోలు గొట్టం. పైన గిలక, మోకు, రెండు ఎద్దులు. ఎద్దులు వాలులో దిగుతుంటే సంచి పైకి వస్తుంది, తొండం తెరుచుకుంటుంది, నీళ్లు కాలువలో పడతాయి. కరెంటు మోటార్లు వచ్చేదాకా రాయలసీమ మెట్ట పొలాల్లో బావి కింద పండిన మిరప, ఉల్లి, వరి అంతా ఈ తోలు గుండా వచ్చిన నీళ్లతోనే పండింది.

ఆ తోలు ఒకసారి కుట్టి వదిలేస్తే పనిచేసేది కాదు. ఎండాకాలంలో బావి ఎండి కపిల మూలన పడితే తోలు బిగుసుకుని పగిలిపోతుంది. వానాకాలంలో తడిసి ఆరకపోతే కుళ్లుతుంది. అందుకే నూనె, కొవ్వు పట్టించాలి, కుట్లు చూడాలి, పిగిలిన చోట అతుకు వెయ్యాలి. ఏడాది పొడుగునా పని. దానికి కూలి రోజు లెక్కన రాదు. కళ్లం మీద మేర అని ఇన్ని గింజలు కొలిచేవాళ్లు. పంట పోయిన ఏడు మేరా పోయేది. తోలు పని మాత్రం ఆగేది కాదు.

ఇప్పుడు చూడండి దీనిలోని మర్మం. మాదిగ చేత్తో కుట్టిన చచ్చిన గొడ్డు తోలులోంచి నీళ్లు వస్తే చేనుకు అంటు లేదు. ఆ నీళ్లతో పండిన వడ్లు దేవుని నైవేద్యానికీ పనికొస్తాయి. అదే మాదిగ చెయ్యి ఊరి మంచినీళ్ల బావి చేదకు తగిలితే బావి మైలపడుతుంది. మా జేజి ఊరి బావి దగ్గర కుండ పెట్టుకుని, ఎవరన్నా పోస్తారేమోనని గంటలు గంటలు కూచునేదట. ఆ బావి పక్క తోటలో ఆడే కపిల ఆమె మొగుడు కుట్టిందే.

అంటు అనేది నీళ్లకు, తోలుకు సంబంధించిన నమ్మకమే అయితే కపిల ఒక్కరోజు కూడా ఆడకూడదు. ఆడింది కదా! అంటే అంటు శుభ్రత లెక్క కాదు. ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే లెక్క. లాభం ఉన్నచోట అది మాయమవుతుంది, సమానత్వం వస్తుందేమో అన్నచోట మళ్లీ పుట్టుకొస్తుంది.

మరమ్మతు మాన్యం ఎవరికి, మట్టి తట్ట ఎవరికి

ఇంకో పాత మాట గుర్తు చేస్తాను: దశబంధం. కర్నూలు, కడప, అనంతపురం రికార్డుల్లో ఈ మాట తగులుతుంది. చెరువునో బావినో తవ్వించి బాగు చేయించేవాళ్లకు ఇచ్చిన ఇనాం అది. చెరువు మరమ్మతు చెయ్యాలన్న షరతు మీద భూమి అనుభవించడం అన్నమాట. ఆ ఇనాం కాగితాల్లో పేరున్నవాళ్లు పెద్ద కులాలవాళ్లు. చెరువు కింద నీళ్లు మళ్లించే నీరుగంటి మాత్రం చాలా చోట్ల మాలోడు. ఏ మడికి ఎంత తడి కావాలో, ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, గండి ఎక్కడ పడబోతుందో అతనికి తెలుసు. అతను తూము ఎత్తితే ఊరంతా తింటుంది. ఆ చెరువు నీళ్లే ఊరి రేవులో ముంచుకుని తాగడానికి అతనికి వీల్లేదు.

1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. వానలకు చెరువు కట్ట తెగబోతే ఊరి కూలిజనాన్ని పనికి పిలిచే అధికారం ఆ చట్టం ఇచ్చింది. అర్ధరాత్రి ముసురులో మట్టి తట్ట మోసింది ఎవరో నేను చెప్పనక్కర్లేదు. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కర్నూలు–కడప కాలువ తవ్వింది. లాభం రాలేదని 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. మధ్యలో 1876–78 ధాత కరువు వచ్చింది. కర్నూలు జిల్లా బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. కరువు పనిలో మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు రిచర్డ్ టెంపుల్. కాలువలు, చెరువులు, కట్టలు అన్నీ ఇలాంటి చేతుల మీదే నిలబడినాయి.

ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి: మరమ్మతు శ్రమ మనది, మరమ్మతు మాన్యం వాళ్లది. ఈ సూత్రం ఇప్పటి కాంట్రాక్టు బిల్లు దాకా మారలేదు.

చట్టంలోకి కొళాయి ఎట్లా వచ్చింది

1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే తీర్మానం పెట్టినాడు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు అంటరానివాళ్లకు తెరవాలని. పాసయింది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ కూడా చౌదారు చెరువును తెరుస్తున్నామని తీర్మానించింది. కాగితం ఉంది, నీళ్లు లేవు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి ఆ చెరువు నీళ్లు తాగితే గానీ కాగితానికి ప్రాణం రాలేదు. వెంటనే దాడి జరిగింది. చెరువును పంచగవ్యంతో శుద్ధి చేసినారు. మునిసిపాలిటీ తన తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. కేసు నడిచి నడిచి 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పు చెప్పింది. పది సంవత్సరాలు!

మన కర్నూలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఇక్కడ 1924లో రెట్టమలై శ్రీనివాసన్ రోడ్లు, బావులు, చెరువులు అందరికీ తెరవాలని శాసనమండలిలో తీర్మానం తెచ్చినాడు. 1938లో ఎం.సి. రాజా పట్టుదలతో పౌర ప్రతిబంధకాల తొలగింపు చట్టం వచ్చింది. తరవాత రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరుపెట్టి మరీ రాసింది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టమే 1976 తరవాత పౌరహక్కుల పరిరక్షణ చట్టం అయింది. దాని నాలుగో సెక్షన్ చదవండి. నది, వాగు, ఊట, బావి, చెరువు, తొట్టి అంటూ వచ్చి, "నీటి కొళాయి" అన్న మాట కూడా ఉంటుంది. 1955 నాటికి మన పల్లెల్లో ఎన్ని కొళాయిలుండేవి? కొళాయి రాకముందే కొళాయి దగ్గర కులం వస్తుందని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు.

విద్యార్థి మిత్రులు గమనించాల్సింది ఇది. ఈ చట్టాలన్నీ "అడ్డుకోవడాన్ని" నేరం చేసినాయి. పైపు పగిలితే బాగు చెయ్యకపోవడం అడ్డుకోవడం కిందికి వస్తుందా? చెయ్యి పట్టి ఆపినవాడు దొరుకుతాడు. ఆరు నెలలు పలకనివాడు దొరకడు. కులం అడ్డుకోవడం మానేసి పలకకపోవడం నేర్చుకుంది.

కారంచేడు కూడా శుభ్రమైన నీళ్ల కథే

1985 జులై 16 సాయంత్రం, ప్రకాశం జిల్లా కారంచేడు. మాదిగపల్లె జనం తాగే చెరువు దగ్గర అగ్రకుల యువకులు గొడ్ల కుడితి బకెట్లు కడుగుతుంటే, నీళ్లు పాడవుతాయని కత్తి చంద్రయ్య అడిగినాడు. అతని మీద చెయ్యి ఎత్తితే నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త బిందె అడ్డం పెట్టింది. మరుసటి రోజు ఊరు ఊరంతా వచ్చి పడింది. ఆరుగురిని చంపినారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేసినారు. ఆ నెత్తుటిలోంచే దళిత మహాసభ పుట్టింది, కత్తి పద్మారావు, బొజ్జా తారకం మనకు నాయకులై వచ్చినారు.

కారంచేడును ఆత్మగౌరవ పోరాటం అంటాం. నిజమే. మొదటి మాట ఏంటో కూడా గుర్తుంచుకోండి. చంద్రయ్య, సువార్త కొత్త హక్కేమీ అడగలేదు. ఉన్న నీళ్లను పాడు చెయ్యొద్దన్నారు, అంతే. నీళ్లను బాగుంచుకునే హక్కు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్లో దళితులు, ఆదివాసులు వాడుకునే నీళ్లను చెడగొట్టడం ఒక నేరంగా రాసి ఉంది. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు సువార్త బిందె కనపడుతుంది.

బోరింగు లోపల మళ్లీ తోలే

నా చిన్నతనంలో మా వాడకు నీళ్లంటే బోరింగు. 1970ల చివర్లో యునిసెఫ్ సాయంతో దేశమంతా వేసిన ఇండియా మార్క్ 2 పంపు. దాని లోపల ఏముందో చాలామందికి తెలియదు. భూమిలో లోతున సిలిండరు, సిలిండరులో పిస్టను, పిస్టనుకు గిన్నె ఆకారంలో వాషర్లు. మొదట్లో ఆ వాషర్లు తోలువి! కపిల పోయింది గానీ తోలు పోలేదు. తోలు అరిగితే ఎంత కొట్టినా నీళ్లు రావు.

ఆ తోలు మార్చాలంటే మార్క్ 2లో పైపులన్నీ పైకి లాగాలి. దానికి మండలం నుంచి బండి, మనుషులు, సామాను రావాలి. బండి ముందు ఎక్కడికి పోతుంది? ఊరి నడుమ బోరింగుకు. మా వాడ బోరింగు చెడితే దరఖాస్తు మీద దరఖాస్తు. మా చిన్నాయన ఒకసారి తానే పానా తీసుకుని చైను బిగించి గ్రీజు పెట్టినాడు. "గవర్నమెంటు సామాను ముట్టుకుంటావా?" అని ఆయన్నే కేకలేసినారు. తోలు కుట్టిన వంశం. తోలు వాషరు మార్చడానికి అర్హత లేదంట.

1980ల్లో కోయంబత్తూరు ప్రాంతంలో ఈ పంపుల మీద పరీక్షలు చేసినారు. తోలుకు బదులు నైట్రైల్ రబ్బరు వాషరు ఎక్కువ కాలం నిలుస్తుందని తేలింది. పైపు కాస్త వెడల్పు చేస్తే మొత్తం లాగకుండానే పిస్టను బయటికి తీయొచ్చని తేలింది. దాంట్లోంచే మార్క్ 3 వచ్చింది. ఊళ్లోవాళ్లే, ఆడవాళ్లే బాగు చేసుకునేట్టు. చూడండి, వాషరు అంత చిన్న వస్తువులో కూడా రాజకీయం ఉంది. బాగుచేసే చెయ్యి నీదైతే నువ్వు ఎవర్నీ బతిమాలాల్సిన పని లేదు.

పైపు వాడకు వచ్చేసరికి

తరవాత కొళాయిలు వచ్చినాయి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అంటుంది. మంచిదే. పైపు ఎట్లా వేసినారన్నది అసలు సంగతి.

మాది నల్లరేగడి. ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. ఈ నేలలో ప్లాస్టిక్ పైపు వెయ్యాలంటే మూడడుగుల లోతు తవ్వి, కింద ఇసుక పోసి, పైన ఇసుక కప్పి పూడ్చాలి. లేకుంటే నేల కదిలినప్పుడల్లా జాయింట్లు లాక్కుని ఊడతాయి. ఊళ్లో అట్లా వేసినచోట నిలిచినాయి. మా వాడలో జానెడు లోతు, ఇసుక లేదు, మురికి కాలవ పక్కనే, ఒక్కోచోట కాలవలోంచే.

నీళ్లు రోజూ గంటే వస్తాయి. మిగతా ఇరవైమూడు గంటలు పైపు ఖాళీ. నీళ్లు ఆగేటప్పుడు పైపు లోపల ఒత్తిడి పడిపోయి, పగులు ఎక్కడుంటే అక్కడ బయటి నీళ్లను లోపలికి పీలుస్తుంది. ఎండాకాలం మట్టి పొడిగా ఉంటుంది కాబట్టి బతికిపోతాం. వానాకాలం కాలవ నిండి ఉంటుంది. మరుసటి రోజు కొళాయిలో మొదటి బిందె అదే. పైగా వాడ లైను చివర. ఒత్తిడి చాలక కొళాయి కిందికి దించుకుని గుంట తవ్వుకుంటాం. గుంటలో వాననీళ్లు. ఊళ్లో ఎవరో మోటారు లైనుకే తగిలించి లాగితే, మన గుంటలోదీ మన కాలవలోదీ పైపులోకే పోతుంది.

ఒక హస్త కార్తెలో మా వాడలో వాంతులు, బేదులు మొదలైనాయి. వారం పట్టింది వచ్చి చూడటానికి. మా మేనత్త చిన్నకొడుకు, ఆరేళ్లవాడు, ఆసుపత్రికి పోయే దారిలోనే పోయినాడు. ఊరు మాట్లాడుకున్నది ఏంటో తెలుసా? "వాళ్లకు శుభ్రత తెలియదు." పైపును మురికిలో వేసినవాడి శుభ్రత గురించి ఎవరూ అడగలేదు. పగిలిన జాయింటు విలువ ఆ రోజుల్లో యాభై రూపాయలు ఉండదు.

అమెరికాలో ఫ్లింట్ అని ఒక నగరం. నల్లజాతి వాళ్లు ఎక్కువగా ఉండే పేద ఊరు. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించడానికి అక్కడి నీటి వనరు మార్చినారు. పైపులు తినిపోకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత పైపుల సీసం పిల్లల రక్తంలోకి చేరింది. జనం రంగుమారిన నీళ్లు సీసాల్లో పట్టి చూపిస్తుంటే, నెలల తరబడి నీళ్లు బాగున్నాయనే అధికారులు చెప్పినారు. అక్కడా కొళాయి ఉంది, నీళ్లూ ఉన్నాయి. లేనిది నిర్వహణ. ఎవరి వీధిలో నిర్వహణ ఉండదో అక్కడ జాతి చెప్తుంది, ఇక్కడ కులం చెప్తుంది.

కార్తెల లెక్క

చరిత్ర తెలిసి ఊరుకుంటే లాభం లేదు. ఈ వానాకాలంలో మనం చెయ్యాల్సింది రాస్తున్నా. ప్రతి వాడలో ఇద్దరు పిల్లలు, ఇద్దరు ఆడవాళ్లు ఈ లెక్క పట్టుకుంటే చాలు.

రోహిణి కార్తె లోపల, అంటే జూన్ మొదటివారంలోపు: మిద్దె మీద సింటెక్సు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి కడగండి. అడుగు బురద, పాచి వదిలించండి, మూత బిగించండి. ఎండకు పడిన ప్లాస్టిక్ పైపు పెళుసవుతుంది. వేలితో నొక్కి చూసి చీలినది మార్చండి, మిగతాదానికి రంగు గానీ గోనె గానీ చుట్టండి. కారే కొళాయి కింద రాత్రంతా బిందె పెట్టి పొద్దున కొలవండి, అప్పుడు తెలుస్తుంది వాషరు ఖరీదు. వాల్వులన్నీ ఒకసారి తిప్పి చూడండి. బిగుసుకుపోయిన వాల్వు అవసరానికి తిరగదు.

మృగశిర, ఆరుద్ర, మొదటి వానలు: కొళాయి గుంటలు పూడ్చి కొళాయిని పైకి లేపండి. నీళ్లు ఆగేముందే కొళాయి కట్టెయ్యండి, గొట్టం కొస బకెట్లో మునిగి ఉండనియ్యొద్దు. మొదట వచ్చే రంగునీళ్లు వదిలెయ్యండి. మోటారు స్టార్టరు తడి గోడకు ఉంటే తీసి పొడిచోట పెట్టించండి. కరెంటుకు కులం లేదు, తడిచెయ్యిని వదలదు.

పుబ్బ నుంచి స్వాతి దాకా, ముసురు నెలలు: మంచి బ్లీచింగ్ పొడి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. కొద్ది నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పొయ్యాలి, అరగంట ఆగాలి. తేమకు ఈ పొడి బలం చచ్చిపోతుంది, కాబట్టి తెరిచిన సంచి పోయిన ఏడుది వాడొద్దు. చివరి కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పి కిట్టు ఇవ్వాలని ఉంది. ఆ ఐదుగురిలో మన వాడ ఆడవాళ్లు ఎంతమంది? అడగండి. పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, వాడ చివరి కొళాయి దగ్గర చెయ్యమనండి. అనుమానం ఉంటే నీళ్లు కాచి తాగండి.

ముఖ్యమైన మాట. వానకు మరుగుదొడ్డి గుంట నిండితే, ఎవరు ఎంత కూలి ఇస్తామన్నా మన పిల్లలు అందులో దిగొద్దు. 2013 చట్టం దాన్ని నిషేధించింది. 2014లో సుప్రీంకోర్టు చనిపోయినవాళ్ల కుటుంబానికి పది లక్షలన్నది, 2023లో ముప్పై లక్షలన్నది. బెజవాడ విల్సన్ జీవితమంతా పోరాడింది దీని మీదే. ముప్పై లక్షలు కాదు, మనిషి కావాలి మనకు.

వానలు వెనకబడినాక, చలికాలం: నల్లరేగడి ఆరేటప్పుడు జాయింట్లు కదులుతాయి. లైను వెంట నడవండి. ఎండిన నేలలో తడి మరక కనిపిస్తే అక్కడ పగులు ఉన్నట్టే. కాగితం మీద వాడ పటం గీసి గుర్తు పెట్టండి. అక్టోబరు 2 నుంచి పంచాయతీ ప్రణాళిక గ్రామసభలు మొదలవుతాయి. రాజ్యాంగం 11వ షెడ్యూలులో తాగునీరు 11వ అంశం, సామూహిక ఆస్తుల నిర్వహణ 29వ అంశం. 2013 ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం నిధులు మన వాడలకు ఖర్చు పెట్టమంటుంది. పటం, తేదీలు, ఫొటోలు పెట్టి రాతపూర్వకంగా ఇవ్వండి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటకు నెల, కాగితానికి వారం.

ఎవరి చెయ్యి, ఎవరి పానా

ఇంకో మాట. ఐటీఐలో ప్లంబింగు, ఫిట్టరు చదివిన మన పిల్లలు ఎంతోమంది హైదరాబాదు, బెంగళూరు అపార్టుమెంట్లలో పని చేస్తున్నారు. పండక్కి ఊరికి వచ్చినప్పుడు ఒక్కపూట వాడ ఆడపిల్లలకు పానా పట్టడం, దారం చుట్టి బిగించడం, వాషరు మార్చడం నేర్పించండి. ఉచిత సేవ చెయ్యమని కాదు. పంచాయతీ నీళ్ల పనికి మనిషిని పెట్టేటప్పుడు జీతం ఇచ్చి మనవాళ్లనూ పెట్టమని అడగడానికి. నీరుగంటికి పని ఉండేది, అధికారం లేదు. మనకు రెండూ కావాలి.

ఇప్పుడు తమ్మునికి జవాబు. కొళాయి వచ్చింది, నిజమే. చౌదారు చెరువుకు కూడా 1924లోనే తీర్మానం వచ్చింది. వచ్చినదాన్ని నిలబెట్టుకోకపోతే అది వెనక్కి పోతుంది, పైపైనా, హక్కైనా. మా మేనత్త ఇప్పటికీ కొళాయి నీళ్లను గాజుగ్లాసులో పట్టి, వెలుతురుకు ఎత్తి చూసి గానీ ఎవరికీ ఇవ్వదు. ఆమెకు చదువు రాదు. ఈ వ్యాసం మొత్తం ఆమె చూపులో ఉంది.

ఈ వారం మీ వాడలో చివరి కొళాయి దగ్గరికి పోండి. ఒక గ్లాసు పట్టి వెలుతురుకు ఎత్తండి. ఏం కనపడిందో కింద రాయండి. వచ్చే భాగంలో కేసీ కాలువ తవ్విన కూలీల గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.